ఫ్యామిలీ కోర్టు తీర్పుపై అప్పీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

విడాకులు, భరణం, పిల్లల కస్టడీ కేసుల్లో తీర్పు వచ్చాక తెలుగు రాష్ట్రాల వాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు, వాటికి జవాబులు ఇక్కడ ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కోర్టుల్లో నడిచే కేసులనే దృష్టిలో పెట్టుకున్నాం. మీ కేసు ఫైలు చూసిన వకీలు చెప్పే మాటకు ఇది ప్రత్యామ్నాయం కాదు. వకీలు దగ్గరికి వెళ్లే ముందు ఏం అడగాలో తెలియడానికి మాత్రం పనికొస్తుంది.

తీర్పు మాకు వ్యతిరేకంగా వచ్చింది. ముందుగా ఏం చేయాలి?

తీర్పు సర్టిఫైడ్ కాపీ (కోర్టు ధ్రువీకరించి ఇచ్చే నకలు) కోసం అప్లికేషన్ వేయండి. అదే రోజు వీలైతే అదే రోజు, లేకపోతే మర్నాడు. తీర్పు చదివిన రోజున ఇంట్లో ఏడుపులు, ఫోన్లు, మీ వకీలు మీద కోపం, అవతలి వాళ్ల మీద శాపనార్థాలు అన్నీ ఉంటాయి. ఆ గొడవలో వారం, పది రోజులు ఇట్టే గడిచిపోతాయి. కానీ అప్పీలు గడువు లెక్క తీర్పు చెప్పిన మర్నాటి నుంచే మొదలవుతుంది.

సర్టిఫైడ్ కాపీ కోసం దరఖాస్తు పెట్టిన రోజు నుంచి కాపీ సిద్ధమైన రోజు వరకు పట్టిన కాలాన్ని గడువులో కలపరు. ఇది లిమిటేషన్ చట్టం సెక్షన్ 12లో ఉంది. చాలామంది దీన్ని తప్పుగా అర్థం చేసుకుంటారు. మీరు దరఖాస్తు పెట్టకముందు గడిచిన రోజులు మాత్రం మీ ఖాతాలోనే పడతాయి. ఉదాహరణకు జూన్ 3న తీర్పు వచ్చింది, 10న కాపీకి దరఖాస్తు పెట్టారు, 24న కాపీ సిద్ధమైంది అనుకోండి. 10 నుంచి 24 వరకు ఉన్న 15 రోజులు తీసేస్తారు. 30 రోజుల గడువైతే మామూలుగా జూలై 3తో ముగియాల్సింది, జూలై 18 దాకా సాగుతుంది. కాపీ సిద్ధమయ్యాక మీరు తీరిగ్గా వెళ్లి తెచ్చుకుంటే ఆ ఆలస్యానికి మినహాయింపు లేదు. కాపీ మీద దరఖాస్తు తేదీ, సిద్ధమైన తేదీ ముద్ర వేసి ఉంటాయి. హైకోర్టు ఆఫీసు సిబ్బంది లెక్క వేసేది వాటిని చూసే.

ఇంకో సంగతి. హిందూ వివాహ చట్టం కింద విడాకులు మంజూరైతే ఇద్దరికీ డిక్రీ కాపీ ఉచితంగా ఇవ్వాలని ఆ చట్టం సెక్షన్ 23(4)లోనే ఉంది. అడిగితేనే ఇస్తారు కాబట్టి అడగండి.

అప్పీలు ఎక్కడ వేయాలి?

తీర్పు ఇచ్చింది ఫ్యామిలీ కోర్టు అయితే నేరుగా హైకోర్టుకే. ఫ్యామిలీ కోర్టుల చట్టం, 1984లోని సెక్షన్ 19 ఆ హక్కు ఇస్తుంది. 2019 జనవరి 1 నుంచి రెండు రాష్ట్రాలకూ వేర్వేరు హైకోర్టులు ఉన్నాయి. విజయవాడ తీర్పు మీద అమరావతిలోని నేలపాడుకు, వరంగల్ తీర్పు మీద హైదరాబాదుకు వెళ్లాలి. మీరు ఇప్పుడు ఏ ఊళ్లో ఉంటున్నారన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, తీర్పు ఇచ్చిన కోర్టు ఏ రాష్ట్రంలో ఉందన్నదే చూస్తారు. ఈ అప్పీళ్లను ఎఫ్.సి.ఎ. (ఫ్యామిలీ కోర్టు అప్పీలు) అనే నంబరుతో తీసుకుంటారు. వినేది ఇద్దరు జడ్జిల డివిజన్ బెంచి. ఒక్క జడ్జి వినడానికి చట్టం ఒప్పుకోదు.

ఫ్యామిలీ కోర్టు లేని చోట హిందూ వివాహ చట్టం కేసు సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో నడిచి ఉండొచ్చు. అప్పుడు అప్పీలు సాధారణంగా ముందు జిల్లా కోర్టుకు పోతుంది. మీ కాపీ మొదటి పేజీలో కోర్టు పేరు ఏమని ఉందో ఒకసారి చూసుకోండి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, తప్పు కోర్టులో వేసిన అప్పీలు వెనక్కి వచ్చేసరికి నెలలు పోతాయి.

గడువు 30 రోజులా, 90 రోజులా? ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు.

చెప్పేవాళ్ల తప్పేం లేదు, చట్టాలే రెండు రకాలుగా ఉన్నాయి. ఫ్యామిలీ కోర్టుల చట్టం సెక్షన్ 19(3) 30 రోజులు అంటుంది. హిందూ వివాహ చట్టం సెక్షన్ 28(4) 90 రోజులు అంటుంది. అందులోనూ మొదట 30 రోజులే ఉండేది. ఇంత పెద్ద దేశంలో, ఇంత దూరాలు తిరగాల్సిన చోట 30 రోజులు సరిపోవని 2002లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో అన్నాక, 2003లో పార్లమెంటు దాన్ని 90 చేసింది. ప్రత్యేక వివాహ చట్టంలోనూ అలాగే మార్చింది. ఫ్యామిలీ కోర్టుల చట్టాన్ని మాత్రం ముట్టుకోలేదు. ఫ్యామిలీ కోర్టు ఇచ్చిన విడాకుల తీర్పు మీద ఏ గడువు వర్తిస్తుందన్న చిక్కు అక్కడ పుట్టింది. 2016లో బొంబాయి హైకోర్టు ఫుల్ బెంచి 90 రోజులే వర్తిస్తాయని తేల్చింది.

మీరు మాత్రం 30 రోజుల్లో వేసేయండి. 90 రోజుల వాదన, పొరపాటున ఆలస్యమైనవాళ్లు నిలబడటానికి. చేతిలో సమయం ఉన్నవాళ్లు దాన్ని నమ్ముకుని కూర్చోకూడదు. కస్టడీ, గార్డియన్‌షిప్ వంటి వాటిలో, క్రైస్తవ, ముస్లిం వివాహాల కేసుల్లో అయితే 30 రోజులు అనే లెక్కతోనే నడవడం క్షేమం.

గడువు దాటిపోయింది. ఇక దారి లేదా?

ఉంది. అప్పీలుతో పాటు ఆలస్యాన్ని మన్నించమని లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద డిలే కండోనేషన్ పిటిషన్ వేయాలి. ఆస్పత్రిలో ఉన్నారా, డెలివరీ అయిందా, పాత వకీలు తీర్పు సంగతి చెప్పలేదా, కాగితాలు ఎవరి దగ్గర ఇరుక్కున్నాయి... కారణం ఏదైనా తేదీలతో రాయాలి, ఆధారం జత చేయాలి. "అనివార్య కారణాల వల్ల" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే నిలవదు. 20 రోజుల ఆలస్యానికి కోర్టు ఉదారంగా ఉండొచ్చు. 600 రోజుల ఆలస్యం, ఈలోపు అవతలి వాళ్లు మళ్లీ పెళ్లి చేసుకుని పిల్లల్ని కన్నారు అంటే పరిస్థితి వేరు.

ప్రతి ఉత్తర్వు మీదా అప్పీలు ఉంటుందా?

ఉండదు. ఎక్కువ డబ్బు, కాలం వృథా అయ్యేది తప్పు తలుపు తట్టడం వల్లే. అందుకని కొంచెం వివరంగా చెబుతాం.

కేసును ముగించే తీర్పు మీద, అంటే విడాకులు ఇచ్చినా, నిరాకరించినా, కాపురానికి రమ్మని డిక్రీ ఇచ్చినా, పెళ్లి చెల్లదన్నా, శాశ్వత భరణం ఇంత అన్నా, పిల్లల కస్టడీ ఫలానా వారికి అన్నా ఎఫ్.సి.ఎ. వేయొచ్చు. కేసు నడుస్తుండగా మధ్యలో ఇచ్చే ఉత్తర్వుల మీద ఈ అప్పీలు లేదు. సాక్షిని మళ్లీ పిలవమంటే ఒప్పుకోలేదు, డి.ఎన్.ఎ. పరీక్ష చేయించమన్నారు, హిందూ వివాహ చట్టం సెక్షన్ 24 కింద కేసు తేలేదాకా నెలకు ఇంత ఇమ్మన్నారు అనుకోండి. ఇలాంటి వాటిమీద మన హైకోర్టుల్లో సాధారణంగా రాజ్యాంగం 227వ అధికరణం కింద సివిల్ రివిజన్ పిటిషన్ వేస్తారు. అక్కడ హైకోర్టు మళ్లీ మొత్తం తూకం వేయదు. కింది కోర్టు తన హద్దు దాటిందా, కళ్లెదుట కనిపించే తప్పు చేసిందా అన్నంత వరకే చూస్తుంది.

గృహహింస చట్టం కేసు దారి వేరు. మేజిస్ట్రేటు ఉత్తర్వు మీద సెషన్స్ కోర్టుకు 30 రోజుల్లో అప్పీలు వేయాలి, సెక్షన్ 29 ప్రకారం. వరకట్న వేధింపుల క్రిమినల్ కేసు, మనం ఇప్పటికీ 498ఎ అనే పిలుచుకునేది, ఫ్యామిలీ కోర్టుకు సంబంధమే లేనిది. విడాకుల అప్పీలులో గెలిస్తే ఆ కేసు దానంతటదే పోతుందనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. పోదు.

నెలవారీ భరణం మీద అప్పీలు లేదంటున్నారు, నిజమేనా?

ఎం.సి. (మెయింటెనెన్స్ కేసు) అయితే నిజమే. అంటే పాత సి.ఆర్.పి.సి. (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 125, 2024 జూలై 1 నుంచి దాని బదులు వచ్చిన బి.ఎన్.ఎస్.ఎస్. (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 144 కింద వేసేది. దీని కింద ఫ్యామిలీ కోర్టు ఇచ్చిన తుది ఉత్తర్వు మీద హైకోర్టులో రివిజన్ మాత్రమే వేయాలి, గడువు 90 రోజులు. మేజిస్ట్రేటు ఇచ్చిన ఉత్తర్వు అయితే రివిజన్‌కు సెషన్స్ కోర్టుకు వెళ్లొచ్చు.

అదే భరణం వేరే చట్టం కింద వచ్చి ఉంటే, ఉదాహరణకు విడాకులతో పాటు హిందూ వివాహ చట్టం సెక్షన్ 25 కింద ఇచ్చిన శాశ్వత భరణమైతే, అప్పీలు ఉంది. కాబట్టి "భరణం మీద అప్పీలు ఉందా" అన్న ప్రశ్నకు జవాబు మీ ఉత్తర్వు ఏ సెక్షన్ కింద వచ్చిందన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఉద్యోగం పోయింది, అవతలి వాళ్లకు ఉద్యోగం వచ్చింది, పిల్లల ఫీజులు పెరిగాయి వంటి మార్పులకు రివిజన్ దాకా వెళ్లక్కర్లేదు. మొత్తాన్ని పెంచమనో తగ్గించమనో ఉత్తర్వు ఇచ్చిన కోర్టునే అడగొచ్చు, పాత సెక్షన్ 127, ఇప్పటి 146 కింద. కొందరు రివిజన్ వేశాం కదా అని నెలనెలా డబ్బు కట్టడం ఆపేస్తారు. బకాయి పడిన ఒక్కో నెల భరణానికి నెల దాకా జైలు వేసే అధికారం కోర్టుకు ఉంది. రివిజన్ నంబరు చూపిస్తే వారెంటు ఆగదు.

కోర్టుకు వెళ్లలేదు, ఎక్స్‌పార్టీ తీర్పు ఇచ్చేశారు. అప్పీలు వేయాలా?

ముందు అదే కోర్టులో ఎక్స్‌పార్టీ డిక్రీ (మీరు లేకుండా ఒక పక్షం మాటే విని ఇచ్చిన డిక్రీ) రద్దు చేయమని సి.పి.సి. (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డర్ 9 రూల్ 13 కింద అడగడం మేలు. గడువు 30 రోజులు. సమన్లు సరిగా అందకపోతే ఆ 30 రోజులు మీకు డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి లెక్క. ఎం.సి.లో ఎక్స్‌పార్టీ అయితే గడువు 3 నెలలు.

అప్పీలు కూడా వేయొచ్చు, కానీ అక్కడ మీ చేతులు సగం కట్టేసి ఉంటాయి. కింది కోర్టులో మీ వైపు సాక్ష్యం ఒక్క ముక్క లేదు. అవతలి వాళ్లు చెప్పిందే రికార్డు. ఆ రికార్డు చూసి హైకోర్టు తీర్పు తప్పని ఎలా అంటుంది? డిక్రీ రద్దయితే మీరు కౌంటరు వేసి, అవతలి వాళ్లను క్రాస్ ఎగ్జామిన్ చేసి, మీ సాక్షుల్ని పెట్టుకునే అవకాశం మళ్లీ వస్తుంది. ఒకటి గుర్తుంచుకోండి. అప్పీలు వేసి అది కొట్టేయించుకున్నాక, మళ్లీ కింది కోర్టుకు వచ్చి రూల్ 13 పిటిషన్ వేస్తానంటే కుదరదు.

ఇద్దరం ఒప్పుకుని విడాకులు తీసుకున్నాం. ఇప్పుడు మనసు మారింది.

అంగీకారంతో వచ్చిన డిక్రీ మీద అప్పీలు లేదు, ఫ్యామిలీ కోర్టుల చట్టం సెక్షన్ 19(2) ప్రకారం. డిక్రీ రాకముందైతే సమ్మతిని వెనక్కి తీసుకునే వీలుండేది, డిక్రీ వచ్చే రోజు దాకా ఇద్దరి సమ్మతీ నిలిచి ఉండాలి. వచ్చాక మనసు మారడం కారణం కాదు. బెదిరించి సంతకం చేయించారు, నా బదులు ఇంకెవరినో నిలబెట్టారు అంటే అది మోసం. దానికి సాధారణంగా ఆ డిక్రీ ఇచ్చిన కోర్టునే ఆశ్రయించాలి.

లోక్ అదాలత్‌లో రాజీ పడి ఉంటే ఇంకా గట్టిది. ఆ అవార్డు మీద ఏ కోర్టుకూ అప్పీలు లేదు. పెద్దమనుషుల పంచాయితీలో రాసుకున్న కాగితం లాంటిదే కదా అనుకుని లోక్ అదాలత్‌లో సంతకం పెట్టేవాళ్లున్నారు. అది కోర్టు డిక్రీతో సమానం.

అప్పీలు వేస్తే తీర్పు ఆగిపోతుందా?

ఆగదు. అప్పీలు వేయడం వేరు, స్టే రావడం వేరు. స్టే కోసం విడిగా పిటిషన్ వేయాలి, వెంటనే స్టే ఇవ్వకపోతే ఏం నష్టం జరుగుతుందో చెప్పాలి. డబ్బు కట్టమన్న ఉత్తర్వు అయితే హైకోర్టు తరచూ సగమో, మూడో వంతో ముందు డిపాజిట్ చేయమని షరతు పెడుతుంది. షరతు గడువులోగా కట్టకపోతే స్టే దానంతటదే పోయేలా ఉత్తర్వు రాస్తారు. కాబట్టి స్టే పిటిషన్ వేసే రోజుకే ఆ డబ్బు ఎక్కడి నుంచి తేవాలో ఆలోచించుకోండి.

కాపురానికి రమ్మన్న డిక్రీ విషయంలో ఇంకో మెలిక ఉంది. డిక్రీ వచ్చాక ఏడాది పాటు కాపురం కలవకపోతే అదే విడాకులకు కారణమవుతుంది. "పోలీసులొచ్చి లాక్కెళ్తారా ఏంటి" అని ఆ డిక్రీని పట్టించుకోకుండా వదిలేసి, ఏడాది తిరిగేసరికి విడాకుల నోటీసు అందుకున్నవాళ్లు ఉన్నారు. ఈ డిక్రీకి ఆధారమైన హిందూ వివాహ చట్టం సెక్షన్ 9కి మన దగ్గర పెద్ద చరిత్రే ఉంది. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇది రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు మళ్లీ నిలబెట్టింది.

విడాకులు వచ్చాయి. మళ్లీ పెళ్లి ఎప్పుడు చేసుకోవచ్చు?

హిందూ వివాహ చట్టం సెక్షన్ 15 చెప్పేది ఇది: అప్పీలు హక్కే లేకపోతే వెంటనే, హక్కు ఉంటే గడువు ముగిసేదాకా ఎవరూ అప్పీలు వేయకపోతే ఆ తర్వాత, వేస్తే అది కొట్టేశాక. పరస్పర అంగీకార విడాకుల మీద అప్పీలు లేదు కాబట్టి ఆగాల్సిన పనిలేదు. పోరాడి తెచ్చుకున్న విడాకులైతే 90 రోజులు, దానికి కాపీ కోసం పట్టిన కాలం కలుపుకుని ఆగండి. ఇక్కడ 30 రోజుల లెక్క వేసుకోకండి. అప్పీలు వేసేవాళ్లు తక్కువ గడువును, పెళ్లి చేసుకునేవాళ్లు ఎక్కువ గడువును పట్టుకోవాలి.

ముహూర్తం పెట్టుకునే ముందు హైకోర్టు వెబ్‌సైటులో అవతలి వాళ్ల పేరుతో అప్పీలు ఏమైనా పడిందేమో వకీలు చేత చూపించండి. అప్పీలు పెండింగులో ఉండగా జరిగిన పెళ్లి గురించి 2018లో సుప్రీంకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. ఇద్దరికీ రాజీ కుదిరి, అప్పీలు వెనక్కి తీసుకుంటామని దరఖాస్తు పెట్టాక, ఆ ఉత్తర్వు రాకముందే పెళ్లి జరిగింది. ఆ పెళ్లి చెల్లుతుందనే కోర్టు అంది. కానీ ఆ మాట కోసం వాళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది.

హైకోర్టులో మళ్లీ మా కథంతా చెప్పుకోవచ్చా?

చెప్పుకునే అవకాశం రాదు, ఇక్కడే చాలామంది నిరాశ పడతారు. హైకోర్టులో మిమ్మల్ని బోను ఎక్కించరు, సాక్షుల్ని పిలవరు. ఫ్యామిలీ కోర్టు ఫైలు తెప్పించుకుని, పిటిషన్, కౌంటరు, చీఫ్ (సాక్షి సొంత వాంగ్మూలం), క్రాస్ (అవతలి వకీలు ప్రశ్నలకు సాక్షి జవాబులు), ఎగ్జిబిట్లు (ఆధారంగా పెట్టిన కాగితాలు) చదువుతారు. చట్టం మీదా, వాస్తవాల మీదా రెండిటి మీదా చూసే అధికారం బెంచికి ఉంది. అయినా సాక్షి ముఖం చూసి, గొంతు విని ఒక అభిప్రాయానికి వచ్చింది కింది జడ్జి కాబట్టి, ఆ అభిప్రాయాన్ని మార్చాలంటే కాగితం మీద గట్టి కారణం కనిపించాలి.

మరి మంచి గ్రౌండ్ ఎలా ఉంటుంది? "తీర్పు అన్యాయం" అన్నది గ్రౌండ్ కాదు. "ఆర్.డబ్ల్యు. 1 (ప్రతివాది వైపు మొదటి సాక్షి) క్రాస్‌లో తాను 2017 నుంచి వేరుగా ఉంటున్నానని ఒప్పుకుంది, తీర్పులో దాని ప్రస్తావనే లేదు" అన్నది గ్రౌండ్. "ఎగ్జిబిట్ బి4 జీతం స్లిప్పును పక్కన పెట్టి, ఊహించి ఆదాయం నిర్ణయించారు" అన్నది గ్రౌండ్. తీర్పును పెన్ను పట్టుకుని చదవండి. మీ సాక్ష్యంలో ఉన్నదీ తీర్పులో లేనిదీ, మీ సాక్ష్యంలో లేనిదీ తీర్పులో ఉన్నదీ గుర్తు పెట్టండి. వకీలుకు అత్తగారి కథ గంటసేపు చెప్పడం కంటే ఆ రెండు పేజీల గుర్తులు ఇవ్వడం వల్ల మీ అప్పీలు బాగుపడుతుంది.

గుర్తులన్నీ పెట్టాక తీర్పు సరిగానే ఉందనిపిస్తే? అలాంటప్పుడు, కోపం చల్లారడం కోసమే అయితే అప్పీలు వేయకండి అనే మేం చెబుతాం.

కింది కోర్టులో పెట్టని ఆధారాలు ఇప్పుడు పెట్టొచ్చా?

సి.పి.సి. ఆర్డర్ 41 రూల్ 27 కింద అడగొచ్చు, గానీ సులువు కాదు. అప్పట్లో ఎంత ప్రయత్నించినా దొరకలేదనో, కింది కోర్టు కారణం లేకుండా తీసుకోలేదనో చూపాలి. వాట్సాప్ చాట్లు అప్పుడే మీ ఫోన్లో ఉన్నాయి, సిగ్గుపడి ఇవ్వలేదు అంటే ఒప్పుకోకపోవచ్చు. తీర్పు తర్వాత జరిగిన ముఖ్యమైన మార్పులు, ముఖ్యంగా పిల్లల విషయంలో, వేరు. వాటిని హైకోర్టు చూస్తుంది.

అప్పీలు ఎంత కాలం పడుతుంది?

హిందూ వివాహ చట్టం సెక్షన్ 21బి ప్రకారం అవతలి పక్షానికి నోటీసు అందాక 3 నెలల్లో అప్పీలు తేల్చడానికి ప్రయత్నించాలి. ఆ మాట చదివి హైకోర్టు కారిడార్లో నవ్వుకోనివాళ్లు ఉండరు. నంబరు కావడం, ఆఫీసు అభ్యంతరాలు సరిచేయడం, అడ్మిషన్, నోటీసు, కింది కోర్టు రికార్డు రావడం, తర్వాత ఫైనల్ హియరింగ్ లిస్టులో వంతు... ఏళ్లు పట్టొచ్చు. సికింద్రాబాద్ ఫ్యామిలీ కోర్టు 2002లో విడాకులిచ్చిన ఒక జంట కేసు చూడండి. 2006లో హైకోర్టు ఆ విడాకులు రద్దు చేసింది, 2013లో సుప్రీంకోర్టు మళ్లీ ఇచ్చింది. పదేళ్లు పైనే. భార్యాభర్తల కేసులను వీలైనంత ముందే మీడియేషన్‌కు పంపాలని సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది ఆ తీర్పులోనే.

కేసు స్థితిని ఈ-కోర్ట్స్ యాప్‌లో, హైకోర్టు వెబ్‌సైటులో మీరే చూసుకోవచ్చు. కేసు గుర్తింపుగా ఇచ్చే 16 అక్షరాల సి.ఎన్.ఆర్. నంబరు రాసి పెట్టుకోండి. వాయిదా తేదీ కోసం వకీలు గుమాస్తాకు ఫోన్ల మీద ఫోన్లు చేసే బాధ తప్పుతుంది.

పిల్లల కస్టడీ మీద అప్పీలు వేయాలా, వేరే దారి ఉందా?

కస్టడీ ఉత్తర్వు ఎప్పుడూ రాతి మీద గీత కాదు. పరిస్థితి మారితే అదే కోర్టును మార్చమని అడగొచ్చు. తీర్పు రోజున ఉన్న పరిస్థితినే కోర్టు తప్పుగా చూసింది అంటే అప్పీలు. ఆ తర్వాత పరిస్థితి మారింది, తల్లో తండ్రో వేరే ఊరు వెళ్లారు, బిడ్డ పెద్దయి తన ఇష్టం చెప్పగలుగుతోంది అంటే కింది కోర్టులోనే పిటిషన్. అప్పీలు నడిచినన్నాళ్లూ కనీసం బిడ్డను చూసే రోజులు, వీడియో కాల్, సెలవులు అడగడం మరిచిపోకండి. పెద్ద పోరాటంలో పడి చిన్న ఊరట అడగనివాళ్లే ఎక్కువ. జడ్జిలు బిడ్డతో ఛాంబర్లో విడిగా మాట్లాడొచ్చు. "అమ్మ గురించి ఇలా చెప్పు" అని నేర్పి పంపితే ఆ చిలక పలుకులు వాళ్లకు ఇట్టే తెలిసిపోతాయి.

గెలిచింది మేమే. అవతలి వాళ్లు అప్పీలుకు వెళ్తారేమో అని భయం.

తీర్పు రాగానే హైకోర్టులో కేవియట్ వేయండి. అది 90 రోజులు అమల్లో ఉంటుంది. ఈలోగా మీకు తెలియకుండా, మీ మాట వినకుండా స్టే ఇవ్వరు. 90 రోజులు దాటితే మళ్లీ వేసుకోవాలి.

నోటీసు వచ్చాక ఊరుకోవద్దు. మీరు పూర్తిగా గెలవలేదనుకోండి, భరణం 15,000 అడిగితే 8,000 ఇచ్చారు, అప్పీలు వేద్దామా వద్దా అని ఆగిపోయారు, ఇప్పుడు అవతలి వాళ్లే వేశారు. నోటీసు అందిన నెలలోపు మీరు క్రాస్ అబ్జెక్షన్లు వేసి, మీకు తగ్గించిన భాగం మీద మీ వాదన వినిపించుకోవచ్చు.

ఖర్చు ఎంత? డబ్బు లేకపోతే?

ఇలాంటి అప్పీళ్లలో కోర్టు ఫీజు పెద్దది కాదు. ఖర్చంతా వకీలు ఫీజు, మెటీరియల్ పేపర్ల (అప్పీలుకు జత చేసే కాగితాల) టైపింగు, జిరాక్సులు, ప్రయాణాలదే. ఫీజు మొత్తం కేసుకా, ఒక్కో వాయిదాకా అన్నది ముందే కాగితం మీద రాయించుకోండి. తర్వాత వచ్చే గొడవలన్నీ దాని మీదే.

మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం, 1987 సెక్షన్ 12 చెబుతోంది. హైకోర్టులోనే లీగల్ సర్వీసెస్ కమిటీ ఉంటుంది. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. "నాకు ఇల్లుంది కదా, ఉద్యోగం ఉంది కదా" అని వెనకాడే ఆడవాళ్లు ఉన్నారు. చట్టం అవి అడగలేదు.

మేం అమెరికాలో ఉన్నాం. అప్పీలు కోసం ఇండియా రావాలా?

సాధారణంగా అక్కర్లేదు, హైకోర్టులో సాక్ష్యం ఉండదు కాబట్టి. వకాలత్ (వకీలుకు ఇచ్చే అధికార పత్రం), అఫిడవిట్లు అక్కడి భారత కాన్సులేట్‌లోనో నోటరీ దగ్గరో చేయించి పంపాలి. తల్లిదండ్రులకో, తోబుట్టువులకో పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తే అది ఇండియాకు చేరిన 3 నెలల్లోగా స్టాంపు వేయించాలి. మీడియేషన్‌కు పంపితే మాత్రం మీరు స్వయంగా, కనీసం వీడియోలోనైనా మాట్లాడాల్సి రావొచ్చు.

అక్కడి కోర్టు ఇచ్చిన విడాకుల మీద ఇక్కడ అప్పీలు వేయలేరు. అది ఇక్కడ చెల్లదని మాత్రం వాదించొచ్చు. ఈ విషయంలో దేశమంతా చెప్పుకునే తీర్పు మన తెలుగు జంటదే. 1975లో తిరుపతిలో పెళ్లయింది. భర్త అమెరికాలోని మిస్సోరీ రాష్ట్ర కోర్టులో విడాకులు తెచ్చుకుని, యాదగిరిగుట్టలో రెండో పెళ్లి చేసుకున్నాడు. 1991లో సుప్రీంకోర్టు ఆ విదేశీ విడాకులు ఇక్కడ చెల్లవంది. పెళ్లి ఏ చట్టం కింద జరిగిందో ఆ చట్టంలోని కారణాల మీద, అవతలి పక్షం నిజంగా హాజరై వాదించిన చోట వచ్చిన తీర్పునే ఒప్పుకుంటారు.

హైకోర్టులోనూ ఓడిపోతే?

రెండో అప్పీలు లేదు. సుప్రీంకోర్టులో స్పెషల్ లీవ్ పిటిషన్, 90 రోజుల్లో. అది హక్కు కాదు, వినమని అనుమతి అడగడం. ఎక్కువ పిటిషన్లు మొదటి రోజే కొట్టేస్తారు. ఒక్క తేడా ఉంది. పెళ్లి ఇక అతుక్కోలేనంతగా విరిగిపోయింది అన్న కారణం మీద విడాకులివ్వడానికి హిందూ వివాహ చట్టంలో వీలు లేదు, ఫ్యామిలీ కోర్టు, హైకోర్టు ఆ పేరుతో ఇవ్వలేవు. సుప్రీంకోర్టు మాత్రం రాజ్యాంగం 142వ అధికరణం కింద ఇవ్వగలదని 2023 మే 1న రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

అప్పీలు మధ్యలో రాజీ పడొచ్చా?

ఎప్పుడైనా. హైకోర్టు మీడియేషన్ సెంటరుకు పంపమని మీరే అడగొచ్చు. షరతులు కుదిరితే అప్పీలులోనే పరస్పర అంగీకార విడాకులు అడిగేవాళ్లూ ఉన్నారు. రాజీ పత్రంలో డబ్బు ఎప్పుడు, ఏ బ్యాంకు ద్వారా, బంగారం, సామాను ఎక్కడ అప్పగించాలి, మిగతా కేసులు ఎవరు ఎప్పటిలోగా వెనక్కి తీసుకోవాలి అన్నీ రాయండి. "తర్వాత చూసుకుందాం" అన్న అంశమే మళ్లీ కోర్టుకు ఈడుస్తుంది.

అప్పీలు నడుస్తుండగా ఒకరు చనిపోతే?

కేసు ముగిసిందని ఇంటికి వెళ్లిపోకండి. విడాకుల డిక్రీ నిలిస్తే ఆమె మాజీ భార్య, రద్దయితే అతని వితంతువు. పెన్షన్, గ్రాట్యుటీ, ఆస్తిలో వాటా అన్నీ ఆ ఒక్క మాట మీదే ఆధారపడతాయి. ఎక్స్‌పార్టీ విడాకులను భర్త చనిపోయాక కూడా రద్దు చేయమని భార్య అడగొచ్చని 1996లోనే సుప్రీంకోర్టు చెప్పింది. చనిపోయినవారి వారసులను రికార్డులోకి తేవడానికి 90 రోజుల గడువుంది, వకీలుకు వెంటనే చెప్పండి.

వకీలును మార్చుకోవచ్చా? ఫైలు ఇవ్వనంటున్నారు.

మార్చుకోవచ్చు. పాత వకీలు నుంచి నో అబ్జెక్షన్ తీసుకుని కొత్త వకాలత్ వేస్తారు, ఇవ్వకపోతే కోర్టు అనుమతి అడుగుతారు. ఫీజు బాకీ ఉందని ఫైలు పట్టుకుని కూర్చునే హక్కు వకీలుకు లేదని 2000లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. బాకీ కోసం ఆయన విడిగా దావా వేసుకోవాల్సిందే. గడువు దగ్గర పడి ఫైలు కోసం తిరిగే సమయం లేకపోతే, ఎదురు చూడకుండా తీర్పుతో పాటు డిపోజిషన్ల (సాక్షుల వాంగ్మూలాల) సర్టిఫైడ్ కాపీలకు కూడా కోర్టులో దరఖాస్తు పెట్టుకోండి. కేసులో పక్షం మీరే కాబట్టి మీ పేరుతోనే ఇస్తారు.